మానినట్లు కనబడు గాయము

సాయంకాలపు గంట మ్రోగి బాలబాలికలందఱును ఇండ్లకు మరలు వేళ, మా పాఠశాల పడమటి గోడ ప్రక్కనున్న చింతచెట్టు క్రింద ఒక బాలుడు తన సంచిని మూడేసి మాఱులు వెదకుకొనుచుండుట 2023వ సంవత్సరమున మేము తఱచుగా చూచుచుంటిమి. పుస్తకములన్నియు సంచిలోనే యుండెడివి. వానిని సర్దుకొంటినో లేదో అతనికి జ్ఞాపకముండెడిది కాదు. ఆ బాలునివలన మేము నేర్చుకొన్న పాఠమును గుఱించి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయదలంచితిమి. అతని పేరు వ్రాయము. ఎఱిగినవారెఱుగుదురు, ఎఱుగనివారికి పేరుతో పనిలేదు.

అది 2022 డిసెంబరు మాసము. క్రిస్మసు పాటల అభ్యాసము ముగియుసరికి ప్రొద్దు గ్రుంకుచుండెను. అప్పుడు తొమ్మిదవ తరగతిలోనున్న ఆ బాలుడు మేనమామ మోటారుసైకిలుపై వెనుక కూర్చుండి కాలువగట్టు రోడ్డున ఇంటికి బయలుదేఱెను. కోతల కాలమగుటచే రోడ్డు సగము వఱకు ధాన్యము ఆరబోసియుండిరి. మేము సైకిలుపై వారి వెనుకనే పోవుచుంటిమి. ధాన్యముపై చక్రము జాఱెను, ఇద్దఱును పడిరి. మేనమామకు మోచేయి గీచుకొనిపోయెను. బాలుని తల రోడ్డు అంచున నున్న రాతికి తగిలెను. తలపై హెల్మెట్టు లేదు.

బాలుడు క్షణకాలము కన్నులు మూసెను. తరువాత లేచి కూర్చుండి, చొక్కా దులుపుకొని, మమ్ము చూచి సిగ్గుతో నవ్వెను. “ఏమీ కాలేదండి మాస్టారూ” అనెను. నెత్తురు రాలేదు. చెవిపైన చిన్న బొప్పి మాత్రము కట్టెను. మేము ప్రక్క దుకాణమున సోడా త్రాగించి, బొప్పిపై చల్లనీరు అద్ది, “తిన్నగా ఇంటికి పోయి పండుకొనుము” అని పంపివేసితిమి. ఆ మాట నేటికిని మా చెవిలో మ్రోగుచునే యున్నది.

ఆ రాత్రి పది గంటలకు బాలుడు రెండు మాఱులు వాంతి చేసికొనెను. తల పగిలిపోవుచున్నదనెను. మాస్టారు పండుకొమ్మనిరి గదా యని తల్లి పండుకొనబెట్టెను. అర్ధరాత్రి లేపగా లేవడాయెను. 108 బండిలో జిల్లా కేంద్రమునకు కొనిపోయిరి. తెల్లవాఱుజామున వైద్యులు శస్త్రచికిత్స చేసి, పుఱ్ఱెకును మెదడుపొరకును నడుమ గడ్డకట్టిన నెత్తురును తీసివేసిరి.

మఱునాడు మేము పోవునప్పటికి తల్లి వసారాలో గోడకానుకొని కూర్చుండియుండెను. మమ్ము చూచి లేచి నిలుచుండెను గాని ఒక్క నిష్ఠురమైనను ఆడలేదు. వైద్యుడు మాతో ఇట్లనెను: “గడ్డ తీసితిమి. కాని దాని క్రింద మెదడు కమిలియున్నది. మూడవనాడు, నాలుగవనాడు వాపు హెచ్చును. ఆ నాళ్లు గడచినగాని మేమేమియు చెప్పజాలము.”

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో బాలల మనశ్శాస్త్రము చదివినవారము. ఇరువది యేండ్లుగా గణితము బోధించుచున్నవారము. అయినను దెబ్బ ఒక్క క్షణములో ముగిసినది గదా, వాపు నాలుగవనాడు హెచ్చుటయేమి యను ప్రశ్నకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. బాలుడు ఐ.సి.యు.లో నున్న పండ్రెండు దినములును, ఆ తరువాత పెక్కు మాసములును మా సహోపాధ్యాయుడైన జీవశాస్త్రపు మాస్టారి సాయముతో మేము చదివినదంతయు ఆ ప్రశ్నకొఱకే.

తలగాయము రెండు దశలుగా హాని చేయునట. రాతి తాకిడికి అప్పటికప్పుడు చెడిపోయినది మొదటిది. దానిని ఏ వైద్యుడును వెనుకకు త్రిప్పలేడు. తరువాత గంటలలోను దినములలోను శరీరము తనకు తానే తెచ్చిపెట్టుకొనునది రెండవది. వైద్యుని పోరాటమంతయు ఈ రెండవదానితోడనే.

గాయమైన చోట ఎఱుపు, వాపు, వేడి, నొప్పి పుట్టునని రోమా దేశపు సెల్సస్ రెండువేల సంవత్సరముల క్రిందటనే వ్రాసెను. ఈ మంట యెందులకో తెలియుటకు మాత్రము చిరకాలము పట్టెను. 1882లో మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఇటలీలోని మెస్సీనా పట్టణమున, అద్దమువలె పారదర్శకమైన నక్షత్రచేప పిల్లల దేహములలో సన్నని ముండ్లు గ్రుచ్చి ఉంచెను. మఱునాటి ఉదయమునకు ఆ ముల్లుచుట్టును కణములు గుమిగూడి యుండుట చూచెను. పరాయి వస్తువులను మ్రింగివేయు కావలికణములు దేహములో గలవని ఆయన నిరూపించెను. 1908లో ఆయనకు పాల్ ఎర్లిఖ్‌తో కలిపి నోబెలు బహుమానము వచ్చెను. మెదడునకు తన సొంత కావలివారు గలరు. వారిని 1919లో స్పెయిను దేశపు డెల్ రియో ఓర్తెగా గుర్తించి మైక్రోగ్లియా యని పేరుపెట్టెను.

తలకు దెబ్బ తగులగనే ఈ మైక్రోగ్లియా మేల్కొని రసాయనములతో కేక వేయును. ఆ కేక విని నెత్తురులోని తెల్లకణములు వచ్చి చేరును. చచ్చిన కణములను ఎత్తివేయుట, సూక్ష్మజీవులను చంపుట వారి పని. అది మేలే. కాని వారు చిమ్ము రసాయనములు ప్రక్కనున్న మంచి కణములను గూడ కాల్చును. రక్తనాళముల గోడలను వదులుచేయును. నీరు ఊరి మెదడు వాచును. కాలు వాచిన చర్మము సాగును. పుఱ్ఱె సాగదు. మూత బిగించిన కుండలో పాలు పొంగినట్లు లోపల ఒత్తిడి హెచ్చి, మెదడునకు పోవలసిన నెత్తురే నిలిచిపోవును. నాలుగవనాటి భయము ఇదియే.

ఇది చదివినప్పుడు మా చిన్ననాటి సంగతి యొకటి స్మరణకు వచ్చెను. ఒక వేసవిలో మా పల్లెయందు పూరిండ్లకు నిప్పంటుకొనెను. ఊరివారు బిందెలతోను కొంకికఱ్ఱలతోను పరుగెత్తి వచ్చిరి. నిప్పు ప్రాకకుండ ప్రక్క యిండ్ల కప్పులను లాగివేసిరి. ఆ పని చేయనిచో పేట యంతయు పోయెడిది. కాని నిప్పు ఆఱిన తరువాతను పడుచువాండ్రు ఆ ఊపులో లాగుచునే యుండిరి. కాలని మా వంటయిల్లు గూడ ఆ విధముననే నేలకూలెను. చివరకు ఒక పెద్దమనిషి నడుమ నిలువబడి, “చాలు నాయనలారా, మంట ఆఱినది, ఇండ్లకు పొండు” అని చేతులెత్తి కేక వేయగా ఆగిరి.

అట్లయిన ఆ వచ్చినవారినందఱను ఒక్కుమ్మడి అణచివేసిన పోదా యని మాకు తోచెను. వైద్యులకును చిరకాలము అట్లే తోచెను. వాపు నణచు స్టీరాయిడు మందులను తలగాయములకు ముప్పది సంవత్సరములకు పైగా వాడిరి. నిజముగా మేలగుచున్నదా యని పరీక్షింపదలచి, క్రాష్ అను పేర అనేక దేశములలో 10,008 మంది రోగులపై గొప్ప పరిశీలన జరిపిరి. 2004లో దాని ఫలితములు వెలువడెను. రెండు వారములలో చనిపోయినవారు మందు పుచ్చుకొననివారిలో నూటికి సుమారు 18 మంది. పుచ్చుకొన్నవారిలో సుమారు 21 మంది. మేలు చేయుచున్నామనుకొన్న మందు ప్రాణములు తీయుచుండెను. ఆ పరిశీలనను నడుమనే నిలిపివేసిరి. తలగాయమునకు ఆ మందు ఈయగూడదని అప్పటినుండి స్థిరపడెను.

అందఱను అణచుట దారి కానప్పుడు, “చాలు నాయనలారా” యను పెద్దమనిషిని పంపుట మఱియొక దారి. రోగనిరోధక కణములతో చికిత్స యనునది ఈ తలంపు నుండియే పుట్టినది. అట్టి పెద్దమనుష్యులు మన నెత్తురులో నిజముగా గలరు. 1995లో జపాను దేశపు సకాగుచి, తోటి కణముల ఉద్రేకమును నిగ్రహించు ఒకజాతి టి కణములను కనుగొనెను. వానిని నియంత్రక టి కణములందురు. ఈ మార్గమున కృషిచేసినందులకు సకాగుచికిని, అమెరికా దేశపు మేరీ బ్రంకౌ, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనువారికిని 2025లో నోబెలు బహుమానము లభించెను. ఆ 2025వ సంవత్సరముననే బోస్టను నగర పరిశోధకులు తలగాయమైన ఎలుకలకు ముక్కుద్వారా ఒక ప్రతిదేహమునిచ్చి, ఆ నియంత్రక కణములను మేల్కొలిపి, మెదడులోని మంటను తగ్గించినట్లు ప్రకటించిరి. 2023లో అచటివారే మఱికొందఱు, బి కణములను ఎలుకల గాయమున్న చోటనే ఉంచగా అవి చుట్టునున్న కణములను శాంతింపజేసినట్లు వ్రాసిరి. ఇవన్నియు ఎలుకల సంగతులు.

మనుష్యుల సంగతియు కొంత కలదు. అమెరికాలోని హ్యూస్టను నగరమున తలకు తీవ్రమైన గాయము తగిలిన పదిమంది పిల్లలకు, దెబ్బ తగిలిన 48 గంటలలోపల వారి యెముక మూలుగను తీసి, అందలి కణములను వేఱుచేసి, తిరిగి వారి నరములోనికే ఎక్కించిరి. 2011లో ఆ వృత్తాంతము ప్రచురితమయ్యెను. అపాయము లేదని తేలెను. పదిమందితో మేలు ఇంతయని తేల్చుటకు వీలులేదు. తరువాత పెద్దలపైనను, మఱల పిల్లలపైనను పరిశీలనలు జరిగెను. ఆశ కల్పించు గుఱుతులును కనబడెను. అయినను ఇది ఆసుపత్రులలో అందఱికిని చేయు చికిత్సగా ఇంకను స్థిరపడలేదు.

ఇక బాలుని కథకు వత్తము. నాలుగవనాడు వాపు హెచ్చి, మందులతోను కృత్రిమ శ్వాసతోను వైద్యులు కాపాడిరి. 2023 జనవరిలో ఇంటికి వచ్చెను. జూనులో పదవ తరగతికి వచ్చినప్పుడు తలవెండ్రుకలు పెరిగి కుట్లు కప్పబడెను. నడక బాగుగనున్నది, మాట బాగుగనున్నది. దేవుని కృపవలన పిల్లవాడు మునుపటివలెనే యయ్యెనని అందఱును సంతోషించిరి.

అతడు మునుపటివాడు కాడు. రెండు మాటలు చెప్పిన మొదటిది మఱచును. ఎక్కములు వచ్చును గాని, లెక్క నడుమ ఎవరైన దగ్గిన మొదటినుండి ఆరంభింపవలెను. మధ్యాహ్నము మీఱినచో కన్నులు వాలును. ఊరకయే కోపము వచ్చును. ఆగస్టులో ఒకనాడు మేమిచ్చిన లెక్కలు వరుసగా నాలుగవ దినము గూడ చేయకుండ వచ్చెను. “మఱచిపోతినండి” అనెను. మేము తరగతియెదుట, “సోమరులకు మఱపొక సాకు” అని అతనిని వెలుపల నిలువబెట్టితిమి. అతడు కన్నీరు పెట్టలేదు. గోడవైపు తిరిగి, ఏదో జ్ఞాపకము చేసికొన యత్నించువానివలె వ్రేళ్లు ముడుచుచు విప్పుచు నిలుచుండెను.

ఆ వారముననే మేమొక వ్యాసము చదివితిమి. 2011లో లండను నగరమున పరిశోధకులు, తలగాయమై నెలలు మొదలు 17 సంవత్సరముల వఱకు గడచిన మనుష్యుల మెదడులను ప్రత్యేక యంత్రముతో చిత్రించి చూచిరట. గాయము ఏనాడో మానినవారి మెదడులోను మైక్రోగ్లియా ఇంకను ఉద్రేకముననే యుండెను. నిప్పు ఆఱి యేండ్లయినను కొంకికఱ్ఱలు దింపనివారు! పుస్తకము మూసి మేము చాలసేపు కూర్చుండిపోతిమి. మేము సోమరితనమనిన దానికి కారణము ఆ పిల్లవాని గుణములో లేదు, కుట్ల క్రింద గలదు. మఱునాడు అదే తరగతియెదుట, “నిన్న మేమన్నది తప్పు” అని చెప్పితిమి. అతడు, “నిన్న ఏమన్నారండి?” అని అడిగెను. తరగతిలో ఒక్కరును నవ్వలేదు.

2023 నవంబరులో తల్లి ఒక కాగితము తెచ్చెను. రంగుల అచ్చు. ఒక నగరములోని వైద్యశాలవారిది. మూలకణముల సూదిచేత తలగాయపు పిల్లలు పూర్వమువలె నగుదురని అందు వ్రాసియుండెను. ఫోనులో ఆఱు లక్షల రూపాయలని చెప్పిరట. “మాస్టారూ, ఉన్న అరయెకరము అమ్మివేసెదము. మీరు ఊఁ అనండి, చాలును” అనెను.

ఒక్క ఏడాది ముందైనచో మాకు చెప్పుటకేమియు ఉండెడిది కాదు. ఇప్పుడు మేము తెలిసినది తెలిసినట్లు చెప్పితిమి. పరిశీలనలలో ఆ కణములను దెబ్బ తగిలిన రెండు దినములలోపల ఇచ్చిరి. మన పిల్లవానికి పదునొకండు మాసములు గడచెను. మన దేశమున భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రకటించిన నియమముల ప్రకారము, మూలకణ చికిత్స కొన్ని రక్తవ్యాధులు మొదలగు వానికి మాత్రమే అంగీకృతము. తక్కినవన్నియు అనుమతి పొందిన పరిశోధనలలోనే జరుగవలెను. అట్టి పరిశోధనలో చేరిన రోగియొద్ద రూకలు పుచ్చుకొనగూడదు. పరిశోధనయని పేరు చెప్పి ఆఱు లక్షలడుగువారు నియమమును మీఱినవారు. చికిత్సయని చెప్పువారు లేనిదానిని అమ్మువారు. “భూమి అమ్మవలదమ్మా” అంటిమి.

ఆమె కాగితమును నాలుగు మడతలు పెట్టెను. “ఆనాడు పండుకొమ్మని చెప్పినది మీరే మాస్టారూ. ఈనాడు వద్దని చెప్పుచున్నదియు మీరే” అనెను. ఆ మాటలో కోపము లేదు. అందువలన అది మఱింత లోతుగా దిగెను. మేము తల వంచుకొని, “అవునమ్మా. ఆనాడు తెలియక చెప్పితిమి. ఈనాడు చదివి చెప్పుచున్నాము” అని మాత్రము అనగలిగితిమి. ఆమె వెడలిపోయెను. వారము దినములు మాకు నిద్రపట్టలేదు. మా మాట తప్పయిన ఒక బిడ్డ బ్రతుకు. ఒప్పయినను ఒక తల్లి ఆశ. ఎనిమిదవనాడు ఆమె వచ్చి, “మఱి మేమేమి చేయవలె?” అని అడిగెను.

అప్పుడు సూదిమందులవలె అచ్చులోనికెక్కని చిన్న పనులను చేపట్టితిమి. జిల్లా ఆసుపత్రి వైద్యుడు చెప్పినట్లు, వేళకు నిద్ర, ఒకమాఱు ఒకే పని, గంటకొక విరామము. తలకు మఱల దెబ్బ తగులకుండ జాగ్రత్త. చొక్కా జేబులో చిన్న పుస్తకము; చేయవలసినది వ్రాయుట, చేసిన వెంటనే కొట్టివేయుట. సాయంకాలము చింతచెట్టు క్రింద మాతో ఒక గంట లెక్కలు. 2024లో పదవ తరగతి పరీక్షలో గణితము తప్పెను. సప్లిమెంటరీలో కృతార్థుడయ్యెను. ఇప్పుడు ఐ.టి.ఐ.లో విద్యుత్తు పని నేర్చుకొనుచున్నాడు. అరయెకరము వారి చేతనే యున్నది.

విద్యార్థులారా, తల్లిదండ్రులారా, మేము చేసిన తప్పు మీరు చేయకుండుటకే ఇదంతయు వ్రాసితిమి. తలకు దెబ్బ తగిలినవాడు నవ్వుచు లేచినను నమ్మవలదు. స్పృహ క్షణమైనను తప్పినచో, వాంతి, హెచ్చుచున్న తలనొప్పి, మగత, తడబడు మాట, మూర్ఛ వీనిలో ఏదైన కనబడినచో ఆలస్యము చేయక 108ని పిలిచి ఆసుపత్రికి కొనిపొండు. మోటారువాహనముల చట్టము నాలుగేండ్లు దాటిన ప్రతివానికిని, వెనుక కూర్చున్నవానికి గూడ, హెల్మెట్టు విధించుచున్నది. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి; వారిలో నూటికి 44 మంది ద్విచక్రవాహనములపై పోయినవారు. హెల్మెట్టువలన తలగాయపు అపాయము నూటికి సుమారు 69 పాళ్లు తగ్గునని అనేక పరిశీలనలను కూర్చి చూచినవారు 2008లో తేల్చిరి. ఏ దేశపు ప్రయోగశాలయు నేటివఱకు మెదడునకు ఇంతటి మందును కనిపెట్టలేదు. రోడ్డుపై ధాన్యము ఆరబోయు పెద్దలును ఈ లెక్కను ఒకమాఱు తలపోయుదురుగాక.

గడచిన 2025 క్రిస్మసునాడు ఆ బాలుడు మా ఇంటికి వచ్చి, తల్లి చేసిన అరిసెలు ఇచ్చి, కాసేపు కూర్చుండి పోయెను. అరగంటకు మరల తలుపు తట్టెను. చేతిలో జేబుపుస్తకము. “మాస్టారూ, మీకు అరిసెలు ఇచ్చితినా?” అని అడిగెను. “ఇచ్చితివి నాయనా, రెండు తింటిమి గూడ” అంటిమి. అతడు గడపమీదనే కూర్చుండి, పెన్సిలు తీసి ఆ పంక్తిని నిదానముగా కొట్టివేసి, హెల్మెట్టు తలకు పెట్టుకొని, సైకిలెక్కి వెడలిపోయెను.